బారెడు పొద్దు, వేలెడు మబ్బు
(స్మారక ఉపన్యాస పాఠం)

మాస్టారి పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారు అనే అంటాను. నలభై ఏళ్ళుగా ఆయన్ని పేరుతో అన్నది లేదు, ఇప్పుడు నోరు తిరగదు.

ఏం మాట్లాడతారని కార్యదర్శిగారు ఫోన్ చేస్తే నీహారికల కొలత గురించి అన్నాను. "ఎన్ని కాంతి సంవత్సరాల పొడవో అవన్నీనాండీ?" అన్నారు. అవి కాదు, మన కంటికి ఎంత మేర కనిపిస్తాయో ఆ సంగతి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఉన్నదాన్ని కొలవాలి గాని కనిపించేదాన్ని కొలవడమేమిటని ఆయనకు అనిపించి ఉంటుంది. నాకూ ఇరవయ్యో ఏట అలాగే అనిపించింది. అందుకు మాస్టారి చేత చీవాట్లు తిన్నాను. ఆ చీవాట్ల దగ్గరికి వస్తాను, ముందు కొంచెం లెక్క ఉంది.

"బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవలేదా" అని మన ఇళ్ళలో నిద్ర లేపుతారు. బార అంటే రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఉన్న పొడవు, ఆరడుగులు అనుకోండి. సూర్యుడు చెట్ల మీంచి ఆరడుగులే పైకి వచ్చాడని ఎవరూ అనుకోరు. ఇక్కడ నుంచుని చూస్తే అంత మేర ఎక్కినట్టుందని అర్థం. అంటే అది కోణం. కోణాన్ని పొడవుతో చెప్పడం మా అమ్మకు, అమ్మమ్మకు కూడా వచ్చు. "త్రికోణమితికి భయపడకండర్రా, మీ ఇంట్లో రోజూ మాట్లాడేదే" అని మాస్టారు మొదటి క్లాసులో అన్నారు. భయం పోలేదు గాని మాట గుర్తుండిపోయింది.

చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసుకుని, చిటికెన వేలు అడ్డం పెడితే అది ఆకాశంలో దాదాపు ఒక డిగ్రీని కప్పేస్తుంది. పిడికిలి పది డిగ్రీలు. జాన ఇరవైకి పైచిలుకు. పొట్టివాడికి చెయ్యీ పొట్టిదే, వేలూ సన్ననిదే కాబట్టి ఈ లెక్క ఇంచుమించు అందరికీ కుదురుతుంది. పున్నమినాడు చంద్రుడి మీద చిటికెన వేలు పెట్టి చూడండి. తాంబాళమంత ఉన్నాడనుకున్న చంద్రుడు మొత్తం దాక్కుని, ఇంకొక చంద్రుడికి కూడా చోటు మిగులుతుంది. ఆయన అర డిగ్రీయే.

డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ. చంద్రుడి పదహారు కళలు వేరు, ఈ కళ వేరు. పంచాంగం చూసేవాళ్ళకు ఈ తికమక ఉండదు. సూర్యసిద్ధాంతం చంద్రబింబం వ్యాసం 480 యోజనాలని చెప్పి, చంద్రుడి కక్ష్యలో 15 యోజనాలకు ఒక కళ అని లెక్కగట్టింది. భాగిస్తే 32 కళలు. ఇవాళ మనం కొలిస్తే సగటున 31. యోజనం ఎంత పొడవన్నది పండితులు వాదించుకుంటూనే ఉన్నారు, 32 మీద మాత్రం పేచీ లేదు. కనిపించే కొలతను చులకన చేసేవాళ్ళకు మాస్టారు ఈ సంగతే చెప్పేవారు. ఒడిశాలోని ఖండపడాలో పఠానీ సామంత అని పిలుచుకున్న సామంత చంద్రశేఖరుడు టెలిస్కోపు లేకుండా, చెక్కతో చేసుకున్న మానయంత్రం కంటి ముందు పట్టుకుని ఆకాశాన్నంతా కొలిచాడు. ఆయన 'సిద్ధాంత దర్పణం' 1899లో కలకత్తాలో అచ్చయింది.

ఇంకొక్క సంఖ్య చెప్పి లెక్కలు ఆపేస్తాను. 3438. ఆర్యభటుడి జ్యా పట్టికకు వ్యాసార్ధం ఇది. వృత్తం చుట్టూ 21,600 కళలు ఉంటే, దాని వ్యాసార్ధాన్ని కూడా కళల్లోనే చెబితే 3438 వస్తుంది. మాస్టారు దీన్ని మా చేత ఎక్కంలా వల్లె వేయించారు. కనిపించే మేరను కళల్లో రాసుకుని, దూరంతో గుణించి, 3438తో భాగిస్తే అసలు పొడవు వస్తుంది. ఓరియన్ నీహారిక 65 కళలు, దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. వేసి చూడండి, పాతిక కాంతి సంవత్సరాలు వస్తుంది. లైరాలోని ఉంగరపు నీహారిక 1.4 కళలు, దూరం దాదాపు 2,500. అది ఒక్క కాంతి సంవత్సరం. కార్యదర్శిగారు అడిగిన కాంతి సంవత్సరాలు ఇలా కనిపించే కళల్లోంచి రావలసిందే, వేరే దారి లేదు. ఆ 65 తప్పయితే పాతికా తప్పే.

ఇక నా నోటుబుక్కు. 1983 జనవరి. నల్లకుంటలో మాస్టారి డాబా. ఆయన చేత్తో అరగదీసిన ఆరంగుళాల అద్దం, రేకు గొట్టం, కింద పాత కుట్టుమిషను స్టాండు. దక్షిణాన మా ఊళ్ళో గొల్లకావడి అనే మూడు చుక్కల వరుస, దాని కింద వేలాడే మూడు మసక చుక్కలు. వాటిలో నడిమిది చుక్క కాదు, ఓరియన్ నీహారిక. జాబితాల్లో దాని పేరు ఎం 42.

దాన్ని కొలవడానికి మాస్టారు నేర్పిన పద్ధతిలో గీతలూ అక్కర్లేదు, దారాలూ అక్కర్లేదు. టెలిస్కోపును కదలకుండా ఉంచితే భూమి తిరుగుడుకు ఆకాశం ఐపీసులోంచి జారిపోతూ ఉంటుంది. ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న చుక్క నాలుగు సెకన్లకు ఒక కళ చొప్పున జారుతుంది. ఉత్తరానికో దక్షిణానికో దూరంగా ఉన్నవి ఇంకా నిదానంగా జారతాయి, వాటికి కొసైన్‌తో గుణించాలి. ఓరియన్ నీహారిక ఆ రేఖకు ఐదు డిగ్రీలే దిగువన ఉంది కాబట్టి ఆ బాధ లేదు. నీహారిక ముందంచు ఐపీసు అంచుకు తాకగానే స్టాప్‌వాచీ నొక్కాలి, వెనకంచు కూడా మాయమయ్యాక ఆపాలి. వాచీ మా స్కూలు డ్రిల్లు మాస్టారి దగ్గర అరువు తెచ్చింది.

నొక్కాను, ఆపాను. 1 నిమిషం 20 సెకన్లు. నాలుగుతో భాగిస్తే 20 కళలు. మళ్ళీ చేశాను, మూడోసారీ చేశాను, రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అంతే. కిందికి దిగి పుస్తకం తీస్తే 65 అని ఉంది. 65 కళలు రావాలంటే 4 నిమిషాల 20 సెకన్లు పట్టాలి. 1.20, 4.20. ఒక్క అంకె తేడా. వాచీ ముల్లు నేనే సరిగ్గా చూసుకోలేదేమో అనుకున్నాను. నిజానికి అలా అనుకోలేదు, అనుకుంటే సుఖంగా ఉంటుందని అనుకున్నాను. ఒకటికి పక్కన చిన్న కొమ్ము, అడ్డంగా ఒక గీత. నాలుగైంది.

మర్నాడు మాస్టారు నోటుబుక్కును కిటికీ వెలుగులోకి పట్టుకుని చూశారు. సిరా రెండు రంగుల్లో ఉంది. "ఏమోయ్, ఈ నాలుగు పుట్టుకతో నాలుగేనా?" అన్నారు. నేను తల దించుకున్నాను. "ఆ పుస్తకం రాసినాయన మన డాబా మీదికి వచ్చి చూశాడా?" అన్నారు. తరవాత చాలాసేపు తిట్టారు, అవి ఇక్కడ చెప్పను. చివరికి, "శనివారం బస్సెక్కుదాం, స్వెట్టర్ తెచ్చుకో" అన్నారు.

శనివారం శ్రీశైలం దారిలో మన్ననూరులో దిగాం. నల్లమల అంచు. గొట్టం బస్సు టాపు మీద గోనెసంచుల మధ్య వచ్చింది. ఊరి బయట బండ మీద పెట్టుకుని అరగంటసేపు ఏమీ చేయకుండా కూర్చున్నాం. చీకటికి కళ్ళు అలవాటుపడాలని ఆయన అగ్గిపుల్ల కూడా గీయనివ్వలేదు. ఆయనకు చుట్ట అలవాటు, పాపం. అప్పుడు చూశాను. డాబా మీద గుప్పెడు దూదిలా ఉన్నది, ఇక్కడ రెండు రెక్కలు చాచి ఉంది. అదే అద్దం, అదే కన్ను, అదే వాచీ. 2 నిమిషాల 50 సెకన్లు. 42 కళలు పైచిలుకు. "రాసుకో. ఊరి పేరు కూడా రాయి" అన్నారు మాస్టారు. ఇరవై తప్పు కాదు, నలభై రెండూ తప్పు కాదు. గంటలకొద్దీ వెలుగు తాగిన ఫోటోగ్రాఫు ప్లేటుకు దక్కినది 65.

ఎందుకిలా అంటే, చంద్రుడికి గట్టు ఉంది, నీహారికకు లేదు. నడిమధ్య చిక్కగా ఉండి, బయటికి పోయినకొద్దీ పలచబడి, ఎక్కడో ఆకాశపు వెలుతురులో కలిసిపోతుంది. చెరువు ఎంత పెద్దది అని అడిగినట్టే ఇదీ. ఏ నెలలో అడుగుతున్నారు? వైశాఖంలో నడిమధ్య మడుగు, భాద్రపదంలో కట్ట దాకా నీళ్ళు. నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి చెరువుదా, కాదా అని హైదరాబాదులో ఎన్ని కోర్టు కేసులున్నాయో మీకు తెలుసు. నగరపు దీపాల వెలుతురు శిఖాన్ని కప్పేస్తుంది. నల్లకుంట డాబా మీద నేను చూసింది మడుగే.

టెలిస్కోపు పెద్దదైతే ఈ చిక్కు తీరుతుందని చాలామంది అనుకుంటారు. తీరదు. చుక్క వెలుగును టెలిస్కోపు పోగుచేసి పెంచుతుంది గాని, పరుచుకుని ఉన్న మబ్బు వెలుతురును కంటికి పెంచి ఇవ్వలేదు. పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. ఒక చదరపు కళకు ఇంత అన్న వెలుతురు మామూలు కంటికి ఎంతో, ఎంత గొప్ప టెలిస్కోపులోనైనా అంతకు మించదు. మసకగా ఉన్నది పెద్దదైతే కన్ను దాన్ని తేలిగ్గా పట్టుకుంటుంది కాబట్టి లాభం ఉంది. నేరుగా చూడకుండా కొంచెం పక్కకు చూస్తే ఇంకా లాభం, కంటి అంచుల్లోని కణాలు చీకట్లో బాగా పనిచేస్తాయి. అవి ఎరుపును దాదాపు చూడలేవు. ఫోటోల్లో గులాబీరంగులో మండే ఓరియన్ నీహారిక ఐపీసులో పచ్చటి బూడిదరంగులో ఉండేది అందుకే. టికెట్టు కొని టెలిస్కోపులో చూసినవాళ్ళు, "ఇదేనా?" అని మొహం చిట్లించడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఈ మబ్బులతో మొదట విసిగిపోయినవాడు షార్ల్ మెస్సియే. పారిస్‌లో తోకచుక్కలు వెతికేవాడు. కదలని మసకలు తోకచుక్కల్లా కనిపించి మోసం చేస్తున్నాయని వాటికి ఒక జాబితా రాశాడు, చూసి వదిలేయడానికి. 1774లో 45 వస్తువులు, 1781 నాటికి 103. వదిలేయమని రాసిన జాబితా పట్టుకుని ఇవాళ ప్రపంచమంతా వాటినే చూస్తోంది. ఆయన సమకాలికుడు ల జాంతీ, ఆండ్రోమెడా పక్కన చిన్న నీహారికను కనిపెట్టినవాడు, శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా పోవడాన్ని చూడటానికి పుదుచ్చేరికి బయల్దేరాడు. 1761లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడటంతో ఓడ మీదే ఉండిపోయాడు. ఎనిమిదేళ్ళు ఈ దిక్కునే ఉండి, పుదుచ్చేరిలో వేధశాల కట్టుకుని 1769 కోసం కాచుక్కూర్చుంటే ఆ ఉదయం మబ్బు పట్టింది. మబ్బులు చూసి బతికినవాణ్ణి మబ్బే దెబ్బకొట్టింది. ఇంటికి చేరేసరికి చనిపోయాడని ఆస్తి పంచుకుంటున్నారు.

విలియం హెర్షెల్ చిన్న గుండ్రటి మసకలకు గ్రహ నీహారికలని పేరు పెట్టాడు. టెలిస్కోపులో గ్రహబింబంలా కనిపించడమే కారణం, గ్రహాలతో వాటికి ఏ చుట్టరికమూ లేదు. ప్రాణం పోతున్న నక్షత్రాలు వదిలేసిన వాయువు అది. కనిపించిన మేరను బట్టి పెట్టిన పేరు, తప్పని తెలిశాకా పోలేదు. వాటిలో ఒకటి డ్రాకోలోని పిల్లికన్ను నీహారిక. 1864 ఆగస్టు 29న విలియం హగ్గిన్స్ వర్ణపటదర్శినిని దాని మీదికి తిప్పి, ఇంద్రధనస్సుకు బదులు విడివిడి గీతలు చూశాడు. నక్షత్రాల గుంపు కాదు, వాయువేనని ఆ రాత్రి తేలింది. ఆ పిల్లికన్ను మేర ఎంత? ప్రకాశించే నడిమి భాగం 20 వికళలు. ఎక్కువసేపు తీసిన ఫోటోల్లో చుట్టూ కనిపించే పలచటి పొర 5 కళలకు పైగా. అంటే 300 వికళలు. అదే వస్తువు, పదిహేను రెట్ల తేడా. నా ఇరవైకి, అరవైయైదుకు మధ్య ఉన్నది మూడు రెట్లే. ఈ సంగతి 1983లో నాకు తెలిసుంటే నోటుబుక్కు పాడయ్యేది కాదు.

ఓరియన్ నీహారికకు మొదటి ఫోటో 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ తీశాడు, 51 నిమిషాల ఎక్స్‌పోజరు. పదిహేనేళ్ళు తిరక్కుండానే బర్నార్డ్ ఫోటోలు ఆ నక్షత్రరాశినంతా చుట్టుకుని ఉన్న ఒక పెద్ద వంపును చూపించాయి. పిడికిలి పెడితే దాగని వంపు. ఎం 42 అందులో మూల గది.

ఆండ్రోమెడా కథ ఇంకా విడ్డూరం. 964లో అల్ సూఫీ దాన్ని చిన్న మబ్బు అని రాశాడు. మెస్సియే 40 కళలన్నాడు. ప్లేట్ల మీద మూడు డిగ్రీలు దాటింది, అంటే ఆరు చంద్రుళ్ళు పక్కపక్కన. 1950లలో జోంకేర్ అనే ఆయన రెండంగుళాల బైనాక్యులర్లతో, మంచి చీకట్లో, ఐదు డిగ్రీలకు పైగా గుర్తుపట్టాడు. పెద్ద పెద్ద టెలిస్కోపులను చేతి బైనాక్యులర్లు ఓడించాయని మాస్టారికి దీని మీద మహా ముచ్చట. దాన్ని ఆండ్రోమెడా నీహారిక అనేవారు, 1923లో హబుల్ అందులో సెఫీడ్ నక్షత్రాన్ని పట్టుకున్నాక అది వేరే గెలాక్సీ అని తేలింది. చివరికి గెలాక్సీల విషయంలో ఖగోళశాస్త్రజ్ఞులు రెవెన్యూవాళ్ళ పద్ధతికే వచ్చారు. చదరపు వికళకు 25వ తరగతి నక్షత్రమంత వెలుతురు ఎక్కడుందో అక్కడ గీత గీసి, అదే హద్దు అన్నారు. ఫుల్ ట్యాంక్ లెవెల్ అన్నమాట. గీతకు అవతల గెలాక్సీ లేదని కాదు, ఒక గీత అంటూ ఉండాలి గనక.

హైదరాబాదుకూ ఈ కొలతల్లో చెయ్యి ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫోటో తీసిన పటం పథకంలో మనవాళ్ళు తమ వంతు పూర్తిచేసి, టి.పి. భాస్కరన్ హయాములోనూ అంతకు ముందూ వెనకా కలిపి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఆ పథకం ప్లేట్లకు ఒక నియమం ఉంది. ప్లేటు మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళ. ఐదేసి మిల్లీమీటర్ల గళ్ళు ప్లేటు మీదే అచ్చవుతాయి. మాస్టారు నాకు స్కేలు చేతికిచ్చి, "సూర్యసిద్ధాంతం వాళ్ళకు ఇది దొరికి ఉంటేనా" అన్నారు.

ఇంత మారిపోయే కొలతతో ఉపయోగమేమిటని అడగవచ్చు. ఎండ్రకాయ నీహారికను చూడండి, మెస్సియే జాబితాలో మొదటిది. 1921లో జాన్ డంకన్ మౌంట్ విల్సన్ వేధశాల ప్లేట్లను, సుమారు పదకొండేళ్ళ తేడాతో తీసినవాటిని, పక్కపక్కన పెట్టి నీహారిక పెరుగుతోందని చూపించాడు. ఆయన అంచును కొలవలేదు. అంచు నమ్మదగ్గది కాదని తెలుసు. లోపలి పోగుల్లో ముడుల్లా కనిపించే చోట్లు ఎంత జరిగాయో కొలిచాడు. ఆ వేగంతో వెనక్కి లెక్కేస్తే తొమ్మిది శతాబ్దాల కిందట అదంతా ఒక్కచోట ఉండాలి. చైనావాళ్ళు పగలు కూడా కనిపించిన అతిథి నక్షత్రాన్ని రాసిపెట్టుకున్నది 1054లో. ఏడాదికి వికళలో కొంత భాగం చొప్పున జరిగినదాన్ని కొలిచిన మనిషికి నక్షత్రం పేలిన శతాబ్దం దొరికింది.

పోయిన నెల ఆ డాబా మీదికే మళ్ళీ ఎక్కాను. మాస్టారి అబ్బాయి అదే గొట్టాన్ని జాగ్రత్తగా ఉంచాడు. వీధికి రెండు వైపులా తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు, ఎదురుగా అపార్ట్‌మెంటు. 40 సెకన్లు. పది కళలు. కళ్ళద్దాల వయసు కూడా కొంత తిని ఉంటుంది, దీపాల మీదే మొత్తం నెట్టను. మన్ననూరులో ఇప్పుడెంతో తెలియాలంటే ఎవరైనా వెళ్ళి చూడాలి.

ఇవాళ మాఘ శుద్ధ విదియ. నెలవంక ఎప్పుడో కుంకింది. ఎనిమిదిన్నర అవుతోంది, గొల్లకావడి నడినెత్తికి కొంచెం దక్షిణంగా ఉంటుంది. ఈ హాలు బయటి దీపాలు అరగంటసేపు ఆర్పమని కార్యదర్శిగారిని అడిగాను, ఒప్పుకున్నారు. మాస్టారి గొట్టం వరండాలో ఉంది, స్టాప్‌వాచీలు మూడున్నాయి. ఫోన్లు జేబుల్లో పెట్టేసి వరుసగా రండి. గుమ్మం దగ్గర కొత్త నోటుబుక్కు ఉంచాం. మీ పేరు, ఎన్ని సెకన్లు పట్టిందో అందులో రాయండి. పెన్ను ఒక్కటే పెట్టాం, ఒకే రంగు సిరా.